డ్రైవర్ రాస్తున్న అబ్బాయి

తమ్మిలేరు పొంగి మా తివాచీల షెడ్డులోకి మోకాటి లోతు నీళ్ళు వచ్చిన ఏడాది ఒకటి ఉంది. దాని తరవాతి ఏడు జరిగింది ఇది. రెండువేల ఆరు అంటుంది మా మనవరాలు షాయిస్తా. నేను మాత్రం వరద తరవాతి ఏడనే చెబుతాను.

నా పేరు అబ్దుల్ మజీద్. ఏలూరులో తివాచీలు నేస్తాను. మూడో తరగతితో నా బడి అయిపోయింది. ఎక్కువ మాట్లాడను. నేను నోరు తెరిచి ఒక్క మాట అడిగి ఉంటే ఈ కథ ఒక పూటలో తేలిపోయేది. అడగలేదు కాబట్టి రెండు నెలలు పట్టింది.

ఆ వరదలో మా నక్షాలన్నీ నానిపోయాయి. నక్షా అంటే గళ్ళ కాగితం మీద రంగులు వేసిన బొమ్మ. ఒక గడికి ఒక ముడి. దాన్ని ఎదురుగా పెట్టుకుని నేస్తాం. ముప్పై ఏళ్ళ నక్షాల్లో ఎరుపు వెళ్ళి పసుపులో, పసుపు వెళ్ళి నీలంలో కలిసిపోయింది. మేనేజరు చలపతిరావు గారు వాటిని ఎండలో ఆరబెట్టి, ఒకటొకటే తిప్పి చూసి, నేలమీద కూలబడ్డారు.

"ఇక కాగితాన్ని నమ్మేది లేదండీ మజీద్ గారూ. మొత్తం కంప్యూటర్లో ఎక్కించేద్దాం" అన్నారు.

ఎక్కించడానికి షాయిస్తాని పెట్టుకున్నారు. అప్పుడే బీకాం అయింది. బొమ్మలు గీయడం దానికి చిన్నప్పటినుంచీ వచ్చు. నా మగ్గం పక్కన పల్చటి చెక్క అడ్డు, దానికి అవతల ఆఫీసు గది. గదిలో రెండు కంప్యూటర్లు. షాయిస్తా గీసేది కొత్తది. రెండోది బాగా పాతది, నల్ల తెరమీద తెల్ల అక్షరాలు తప్ప ఇంకేమీ కనపడవు. కానీ నక్షాని కాగితం మీద గీసిపెట్టే మిషను ఉందే, అది ఆ పాతదాని మాటే వింటుంది. కొత్తదాన్ని లెక్క చెయ్యదు.

అవతల మాట్లాడే ప్రతి మాటా నాకు వినపడుతుంది. నేను ఉన్నానన్న సంగతి మాత్రం ఎవరికీ గుర్తుండదు.

జూలై చివర్లో తేడా వచ్చింది. నాకు రావాల్సింది 'మల్లెపందిరి నీలం అంచు' అని షాయిస్తా పేరు పెట్టిన నక్షా. వచ్చిన కాగితం నెత్తిన ఆరు ఇంగ్లీషు అక్షరాలున్నాయి. 'మల్లెప్' అట. పక్కన వానపాములాంటి గీత. ఆ పక్కన రెండు అంకె. నేనేమీ అడగలేదు. మూరెడు నేశాను.

"మజీద్ గారూ! ఇది ఎర్రంచండీ! కొనేవాళ్ళు అడిగింది నీలం కదండీ!" అన్నారు చలపతిరావు గారు.

"కాగితంలో ఎరుపే ఉంది" అన్నాను.

విప్పడానికి నేసినన్ని రోజులూ పట్టింది. నీలం ఒకటో వానపాము, ఎరుపు రెండో వానపాము అని అప్పుడు తెలిసింది. అలా తాడేపల్లిగూడెంలో కంప్యూటర్ల కొట్లో పనిచేసే అర్షద్‌కి కబురు వెళ్ళింది.

వాన పడుతున్న రోజు వచ్చాడు. పాసింజరు ఉంగుటూరులో ముప్పావుగంట ఆగిపోయిందట. స్టేషన్ నుంచి సంచీ నెత్తిన పెట్టుకుని పరిగెత్తాడట. సంచీ మాత్రం పొడిగా ఉంది. తల తుడుచుకోకుండానే పాత కంప్యూటర్ ముందు కూర్చున్నాడు.

"ఈ పేర్లు పెట్టిందెవరండీ?"

"నేనేనండీ. ఏం?" అంది షాయిస్తా.

"మల్లెపందిరి నీలం అంచు పెద్ద తివాచీ... ఇది పేరాండీ, శుభలేఖాండీ?"

"మీ మిషన్‌కి చదవడం రాకపోతే దానికి నా పేరేం చేస్తుందండీ?"

"దానికి ఎనిమిది అక్షరాలే వచ్చండీ. అంతకన్నా పొడుగుంటే ఆరు ఉంచుకుని, మిగతాది కోసేసి, తోక పెట్టి, ఒకటి రెండు అని అంకె వేసేసుకుంటుంది."

"పాపం. కళ్ళజోడు పెట్టించండి."

"దానికేనండీ వచ్చింది." నవ్వాడు. తలమీది నీళ్ళు వచ్చి షాయిస్తా గళ్ళ పుస్తకం మీద పడ్డాయి.

"ఏవండీ! వరద ఒక్కసారి వచ్చింది చాలండీ!" అని షాయిస్తా పుస్తకం లాక్కుంది.

చలపతిరావు గారు మధ్యలోకి వచ్చారు. "ఇంతకీ ఏం చెయ్యాలంటారు?"

"పాత సిస్టమ్‌ని కదపక్కర్లేదండీ. ఒక డ్రైవర్ ఉంటే పొడుగు పేర్లు చదవగలదు. మీ మిషన్‌కి సరిపడేది ఎక్కడా దొరకట్లేదు. అందుకని నేనే డ్రైవర్ రాస్తున్నానండీ."

నేను ఇవతల ముడి వేస్తూ విన్నాను. డ్రైవర్ రాస్తున్నాడట.

మన దగ్గర పిల్లలు బ్యాంకు రాస్తారు. టీచర్ రాస్తారు. కానిస్టేబుల్ రాస్తారు. ఈ అబ్బాయి డ్రైవర్ రాస్తున్నాడు. బస్సులకి మనుషుల్ని తీసుకుంటున్నారేమో. చెక్క సందులోంచి చూశాను. ఖాకీ ప్యాంటు వేసుకుని ఉన్నాడు. పాసవకుండానే, అనుకున్నాను.

అది నాకెందుకు పట్టిందో చెప్పాలి.

మా అబ్బాయి రఫీ లారీ డ్రైవరు. పెదపాడు చెరువుల దగ్గర చేపలు ఐసులో వేసుకుని హౌరా వెళతాడు. వెళ్ళి వచ్చేసరికి ఇంకో లోడు తయారుగా ఉంటుంది. నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. ఆ ముందు ఏడు పండగ నాడు మా కోడలు సాబిరా సేమియా గిన్నె నా ముందు పెట్టి అంది: "మావయ్యగారూ, మూడు రంజాన్లు ఆయన రోడ్డుమీదే చేసుకున్నారు. నేను పడ్డాను సరే. నా కూతుర్ని మాత్రం డ్రైవర్‌కి ఇవ్వనని మాటివ్వండి."

"సరే" అన్నాను. నేను రోజుకి మాట్లాడేదే పది మాటలు. అందులో ఒకటి ఇచ్చాను. వెనక్కి తీసుకోవడం నాకు తెలీదు.

అర్షద్ వారానికి రెండుసార్లు రావడం మొదలుపెట్టాడు. నాకు ఏమీ అర్థమయ్యేది కాదు. అర్థమైనంతవరకూ భయం వేసేది.

"ఏమైందండీ మీ డ్రైవర్ సంగతి?" అని షాయిస్తా అడిగేది.

"మొదటి టెస్టులో ఫెయిలండీ."

"అయ్యో. మళ్ళీ?"

"మళ్ళీ రాస్తున్నాను. నిన్న మూడుసార్లు క్రాషయింది."

ఒక్క రోజులో మూడు యాక్సిడెంట్లు! సందులోంచి చూస్తే చెయ్యీ కాలూ బాగానే ఉన్నాయి.

"లోడ్ ఎక్కువైపోతోందండీ. ఇరుకు కదా, అందులో ఇమడట్లేదు" అనేవాడు ఇంకో రోజు. రఫీకి నేను చెప్పేది అదే, లోడు ఎక్కువ వెయ్యొద్దని. ఈ అబ్బాయికి ఆ సంగతి ముందే తెలిసినందుకు కొంచెం సంతోషించాను.

కంప్యూటర్ పని చేసుకుంటూ డ్రైవర్ ఎందుకు రాస్తున్నాడో తెలీలేదు. బతకాలి కదా అనుకున్నాను.

షాయిస్తా నవ్వు మాత్రం నాకు బాగా అర్థమయ్యేది. ఇంట్లో అది అలా నవ్వదు. అర్షద్ వచ్చే రోజు టిఫిన్ డబ్బా బరువుగా ఉండేది. కొర్రమీను వేపుడు నాకు రెండు ముక్కలు, అవతలికి నాలుగు ముక్కలు. నేను లెక్క అడగలేదు.

ఒక రోజు అది అడిగింది: "కోసేసిన పేరు ఎక్కడికి పోతుందండీ? చెత్తబుట్టలోకా?"

"ఎక్కడికీ పోదండీ. ఫైళ్ళ పేర్లుండే పట్టికలోనే, చిన్న పేరుకి ముందు వరసల్లో ముక్కలు ముక్కలుగా రాసి ఉంటుంది. పాత సిస్టమ్ ఆ వరసలు చూస్తుంది. ఇవి నాకు సంబంధించినవి కావులే అనుకుని దాటిపోతుంది."

"అంటే చూసీ చూడనట్టు పోతుంది. అచ్చం మా దాదాలాగా."

దాదా అంటే నేనే. ఇద్దరూ నవ్వారు. నేను దువ్వెనతో పోగులు గట్టిగా దంచాను. నవ్వు ఆగిపోయింది.

కాసేపటికి చిన్నగా అంది: "మరి ఈ ముక్కలు ఏ చిన్న పేరువో ఎలా తెలుస్తుందండీ?"

"చిన్న పేరులోని అక్షరాలన్నీ కలిపి ఒక లెక్క కడతారండీ. ఆ లెక్కని పెద్ద పేరు ప్రతి ముక్కకీ తగిలిస్తారు. రెండూ ఒకరివే అని గుర్తు."

"ముడి అనండి."

"ఆఁ, ముడే. అది తప్పితే పెద్ద పేరు అనాథ అయిపోతుంది. ఉంటుంది కానీ ఎవరిదో తెలీదు. నా డ్రైవర్‌కి అసలు కష్టం అక్కడేనండీ. పేరు చదవడం తేలిక. ముడి తెగకుండా చూసుకోవడం కష్టం."

ఈ మాట నాకు నచ్చింది. ముడి గురించి తెలిసినవాడు. కానీ డ్రైవరు.

సెప్టెంబరులో గొడవ వచ్చింది. అర్షద్ ఒక ఫ్లాపీ తెచ్చి పాత కంప్యూటర్లో పెట్టాడు. చలపతిరావు గారు పిలిస్తే బయటికి వెళ్ళాడు. షాయిస్తా తెర చూసింది. అతను తిరిగొచ్చేసరికి దాని గొంతు మారిపోయింది.

"ఏవండీ, ఇదేంటండీ? షాయిస్ట్, వానపాము, రెండు?"

"అదా... టెస్టు ఫైలండీ."

"పైన ఒకటి కూడా ఉంది. షాయిస్ట్, వానపాము, ఒకటి."

"అదీ టెస్టు ఫైలేనండీ."

"నేను ఏ నంబరండీ?"

"ఆఁ?"

"ఇద్దరు షాయిస్తాలున్నారు కదా. గూడెంలో ఒకరు, ఏలూరులో ఒకరు. నేను రెండోదాన్నా అని అడుగుతున్నాను."

"అయ్యో అలా కాదండీ! పేరు కోసేసింది కదా, మొత్తం పేరు చూస్తే మీకే..."

"అయితే చెప్పండి మొత్తం పేరు."

"డ్రైవర్ అయ్యేదాకా ఆగండి. అప్పుడు మీరే చదువుదురుగాని" అన్నాడు. ఫ్లాపీ తీసి జేబులో పెట్టుకున్నాడు.

"అక్కర్లేదండీ. మీ ఒకటో నంబర్‌కే చదివి వినిపించండి."

తరవాతి రోజుల్లో అవతల గదిలో మీట కొట్టే చప్పుడు తప్ప ఏమీ లేదు. టిఫిన్ డబ్బాలో నాకు రెండు ముక్కలే వచ్చేవి, అవతలికి ఏమీ లేదు. ఒక నక్షాలో షాయిస్తా నెమలికి నాలుగు కాళ్ళు గీసింది. రెండు కాళ్ళు నేను వదిలేసి నేశాను. చెప్పలేదు.

నాకు సంతోషం కలగాలి. మాట నిలబడింది, డ్రైవరు పోయాడు. కలగలేదు. ఎందుకు కలగలేదో రెండు వారాలు ఆలోచించాను. తేలలేదు.

అక్టోబరు మొదట్లో, ముసురు పట్టిన సోమవారం అర్షద్ వచ్చి, "డ్రైవర్ అయిపోయిందండీ" అన్నాడు. పాసయ్యాడన్నమాట. చలపతిరావు గారు కుర్చీ లాక్కున్నారు. షాయిస్తా గోడవైపు తిరిగి నిలబడింది. నేను మగ్గం ఆపి సందు దగ్గరికి జరిగాను.

అర్షద్ ఏదో కొట్టాడు. నల్ల తెరమీద అక్షరాలు బారులు తీరాయి.

చలపతిరావు గారు ఇంగ్లీషు అక్షరాలు కూడబలుక్కుని చదివారు. "మల్లెపందిరి నీలం అంచు పెద్ద తివాచీ! ఆయ్! మొత్తం వచ్చిందండీ! మల్లెపందిరి ఎర్రంచు! షాయిస్తా, చూడమ్మా!"

"చూస్తున్నానండీ" అంది గోడతో.

"కింద ఇంకో రెండున్నాయి. షాయిస్తా గారి నక్షాల పట్టిక."

"అదేనండీ ఒకటో నంబరు" అన్నాడు అర్షద్.

గోడవైపున్న తల కొంచెం తిరిగింది.

"ఇక రెండోది. షాయిస్తా గారూ... మీకు ఇష్టమైతే... మా అమ్మని..." చలపతిరావు గారు ఆగిపోయారు. కళ్ళజోడు తీసి తుడిచి జేబులో పెట్టేసుకున్నారు. "ఇదేదో నేను చదవాల్సిన ఫైలులా లేదండీ."

షాయిస్తా తెర దగ్గరికి వచ్చింది. ముందు మనసులో చదువుకుంది. తరవాత గట్టిగానే చదివింది, ఎవరో పందెం కట్టినట్టు:

"షాయిస్తా గారూ మీకు ఇష్టమైతే మా అమ్మని మీ దాదాగారి దగ్గరికి పంపిస్తాను."



"లోపలేం రాశారండీ?" అంది.

"లోపల ఏమీ లేదండీ. ఖాళీ ఫైలు. పేరొక్కటే."

"అడుగుతున్నారా, చెబుతున్నారా? ప్రశ్నగుర్తు లేదే?"

"ఫైలు పేరులో ప్రశ్నగుర్తు పెట్టనివ్వదండీ సిస్టమ్. అందుకే 'ఇష్టమైతే' అని..."

షాయిస్తా నవ్వబోయింది. నేను అప్పటికి అడ్డు దాటి గదిలోకి వచ్చేశాను.

"డ్రైవర్‌కి ఇవ్వను" అన్నాను.

ముగ్గురూ నా వంక చూశారు. నేను మాట్లాడానని ఒక ఆశ్చర్యం, మాట్లాడిన మాట ఇంకో ఆశ్చర్యం.

"ఏ డ్రైవర్ దాదా?" అంది షాయిస్తా.

నేను అర్షద్‌ని చూపించాను. "పాసైనా ఇవ్వను."

"నేనేం పాసయ్యానండీ?"

"డ్రైవర్ రాశావ్ కదా."

చలపతిరావు గారు ముందు దగ్గారు. ఆ తరవాత కుర్చీ పట్టుకుని నవ్వడం మొదలుపెట్టారు. అర్షద్ నవ్వలేదు. వాడి మొహం తెల్లబోయింది.

"తాతగారూ, నాకు సైకిల్ తప్ప ఏదీ తోలడం రాదండీ. డ్రైవర్ అంటే మనిషి కాదు. ఈ పాతదానికి పొడుగు పేర్లు చదివిపెట్టే చిన్న ప్రోగ్రామ్. దాన్ని రాశానండీ. పరీక్ష కాదు."

"మరి మూడు యాక్సిడెంట్లు?"

"తెర ఆగిపోవడమండీ, అంతే."

"లోడు?"

"ఆ ప్రోగ్రామ్‌ని లోపలికి ఎక్కించడం."

"ఎక్కించాక ఎక్కడికి పోతుంది?"

"ఎక్కడికీ పోదండీ. కంప్యూటర్ వెలుగుతున్నంతసేపూ లోపలే ఒక మూల కూర్చుని ఉంటుంది."

"కదలదా?"

"కదలదండీ."

కదలని డ్రైవరు. నాకు తల తిరిగింది. ఖాకీ ప్యాంటు గురించి అడుగుదామనుకుని ఊరుకున్నాను.

"దాదా, రెండు నెలల్నుంచి ఇలాగే అనుకుంటున్నారా? ఒక్క మాట నన్ను అడగచ్చు కదా!" అంది షాయిస్తా. నవ్వో ఏడుపో తెలీని గొంతు.

"నువ్వు మాత్రం ఒకటో నంబరు పేరు వినేదాకా ఆగావా?" అన్నాను.

అది తల దించుకుంది. నేను వెళ్ళి మగ్గం మీద కూర్చున్నాను.

అవతల అర్షద్ గొంతు చిన్నగా వినపడింది. "ఇంతకీ ఏమన్నట్టండీ ఆయన?"

"నాకూ తెలీదండీ."

"పోనీ మీరేమంటారు?"

"మా దాదా ఏమన్నారో తెలిశాక నేనేమంటానో చెబుతానండీ. మీకు బండి టైమవుతోంది."

అతను అయిదింటి పాసింజరుకి వెళ్ళిపోయాడు. గొడుగు షాయిస్తాది.

సాయంత్రం నమాజు అయ్యాక సాబిరాతో సంగతి చెప్పాను. తాడేపల్లిగూడెం అబ్బాయి, పేరు అర్షద్, పిల్లని అడుగుతున్నాడు. డ్రైవర్ అనుకున్నాను. డ్రైవర్ కాదట. డ్రైవర్ రాశాడట.

సాబిరా గిన్నె కింద పెట్టింది. "లారీ ఉందా మావయ్యగారూ?"

"లేదు."

"రోడ్డెక్కుతాడా?"

"సైకిల్ మీద."

"మరి డ్రైవర్ ఎలా అయ్యాడండీ?"

"నాకు తెలీదు" అన్నాను. నిజమే చెప్పాను.

సాబిరా లోపలికి వెళ్ళి షాయిస్తాని అడిగింది. లోపల చాలాసేపు గుసగుసలు, తరవాత ఇద్దరి నవ్వు. అదే సమయానికి రఫీ బరంపురం దగ్గర్నుంచి ఫోన్ చేశాడు. సాబిరా మొత్తం చెప్పింది. వాడు అవతల నవ్వి, "కదలని డ్రైవర్ ఉద్యోగం ఇంకోటి ఉంటే నాకూ చూడమను ఆ అబ్బాయిని" అన్నాడట.

ఫోన్ పెట్టేసి సాబిరా నా దగ్గరికి వచ్చింది. "మీరిచ్చిన మాట తప్పలేదు మావయ్యగారూ. ఇక మీ ఇష్టం."

మర్నాడు పొద్దున్నే వాన వెలిసింది. షెడ్డు తాళం తీసి, నేను మగ్గం దగ్గరికి పోకుండా ఆఫీసు గదిలోకి వెళ్ళాను. పాత కంప్యూటర్ పక్కన ముక్కాలి పీట వేసుకుని కూర్చున్నాను.

"ఏంటి దాదా?" అంది వెనకే వచ్చిన షాయిస్తా.

"ఒక ఫైలు పెట్టు. పేరు నేను చెబుతాను. ఎన్ని అక్షరాలు పడతాయి?"

"రెండు వందల యాభై దాకా పడతాయి."

"అంత అక్కర్లేదు" అన్నాను. అయినా నేను ఒక్కసారిగా ఇంత పొడుగు మాట చెప్పడం ఇదే మొదలు. "రాయి. అర్షద్ బాబూ, ఆదివారం మీ అమ్మగారిని తీసుకుని మా ఇంటికి రా."

దాని వేళ్ళు ఆగిపోయాయి. నా వంక చూడలేదు. మళ్ళీ కొట్టింది.

"సాబిరాకి ఇష్టమే. రఫీకి ఇష్టమే. మజీద్‌కి ఇష్టమే." ఊపిరి తీసుకున్నాను. "షాయిస్తాకి... అని రాయి. ఆ తరవాత ఏం రాయాలో నువ్వే రాయి."

మీట చప్పుడు గబగబా వచ్చింది.

"లోపల ఏం రాయను దాదా?" అంది ముక్కు ఎగబీల్చి.

"ఏమీ వద్దు. గొడుగు ఇవ్వడానికి వచ్చి పేరు చదువుకుంటాడు."

తెరమీద పేరు వంకర లేకుండా చివరిదాకా కనపడుతోంది. మధ్యలో వానపాము లేదు. చివర్లో అది రాసిన ఇంగ్లీషు ముక్కలు నాకు చదవడం రాదు. ఏం రాశావని అడగలేదు. వెళ్ళి మగ్గం మీద కూర్చుని, ముందురోజు సగంలో వదిలేసిన ముడిని బిగించాను.